వంటవాని కంచము

గడచిన మాఘమాసమున మా ఇంటివారు ఒక వివాహకార్యమునకై పుట్టింటికి వెళ్లుటచే, అయిదారు దినములు నేను మా వీధి మలుపునందలి ఖానావళిలో మధ్యాహ్నభోజనము చేయవలసివచ్చినది. రెండు రైలుమార్గములు కలియు ముద్ఖేడ్ వంటి ఊరిలో అట్టి శాలలకు కొదువ లేదు. ఆదిలాబాదు బండి దిగినవారును, నిజామాబాదు బండి అందక నిలిచినవారును, శిక్షణకేంద్రమునుండి సెలవుపై పోవు రిజర్వు పోలీసు జవానులును, పూలగంపలు దించివచ్చిన రైతులును ఎక్కడనో ఒకచోట రెండు ముద్దలు తినక తప్పదు గదా! నేను చెప్పబోవునది అట్టివాటిలో మిక్కిలి చిన్నది. ఆరు బల్లలు, ఒక మంచినీళ్ల కుండ, గోడపై గణపతి పటము, గల్లాపెట్టె యొద్ద యజమాని. ఇంతియే.

ఆ శాల పలకపై దేవనాగరిలిపిలో "ఇండియన్, చైనీజ్, నేపాళీ" అని మూడు మాటలు వ్రాయబడియున్నవి. మూడవ మాట ఏల వ్రాసిరో నాకు మొదటి మూడు దినములు బోధపడలేదు. లోపల దొరకునది పన్నీరు బటర్ మసాలా, దాల్ తడ్కా, చపాతీలు, వేయించిన అన్నము, మైదా నూడుల్సు. సాయంకాలము మాత్రము గుమ్మము ముందర బండిపై ఆవిరితో ఉడికించిన మోమోలు అమ్ముదురు. యజమాని మరాఠీవాడు, వంటవాడు నేపాళదేశీయుడు. వంటవాని దేశమును బట్టి ఆ మాట వ్రాసియుందురని తలచి ఊరకుంటిని.

నాలుగవనాడు శనివారము, ఒంటిపూట బడి. పిల్లల వ్యాసపుస్తకములు దిద్ది బయటికి వచ్చుసరికి రెండున్నర దాటినది. నేను లోపల అడుగిడగానే యజమాని, "థాళీ అయిపోయినది, గురుజీ. నూడుల్సు చేయింతునా?" అని అడిగెను. నూడుల్సుతో కడుపు నింపుకొను వయస్సు నాది కాదు. వెనుదిరుగబోవుచుండగా వంటగది తెర వెనుకనుండి కమ్మని పోపువాసన వచ్చినది. నేతిలో ఏదో ఎండుటాకు వేగుచున్న వాసన. వెల్లుల్లి వంటిదే గాని వెల్లుల్లి కాదు. "మరి అది యేమి?" అంటిని. యజమాని నవ్వి, "అది వారి తిండి, గురుజీ. మీకు నచ్చదు" అనెను.

నచ్చునో నచ్చదో నేను చెప్పవలెను గాని ఆయన చెప్పనేల? తెర తొలగించి చూచితిని. వంటవాడును, అతనికి సాయము చేయు యువకుడును నేలపై గోనెపట్టా పరచుకొని కూర్చున్నారు. ఎదుట రెండు స్టీలు కంచములు. కుప్పగా అన్నము, గిన్నెలో నల్లని పలుచని పప్పు, ఒక ప్రక్క ఆకుకూర, ఇంకొక ప్రక్క నల్లగా నలిగిన ఏదో పుల్లని పదార్థము. నన్ను చూడగానే వంటవాడు లేవబోయి, ఎడమచేతితో తన కంచమును కప్పుకొనెను. "ఇది మా ఇంటి తిండి, మాస్టర్‌జీ. గిరాకీకి పెట్టునది కాదు" అని హిందీలో అనెను.

కంచమును కప్పిన ఆ చేయి నాకు కొత్త కాదు. ఇరువది యేండ్లక్రిందట నేను నిజామాబాదులో ఉపాధ్యాయశిక్షణ పొందుచుండగా, ఒకనాడు వసతిగృహపు పంక్తిలో వడ్డించువానితో, "అన్నా, ఇంకింత వరణ్ వెయ్" అంటిని. పంక్తి పంక్తియంతయు నవ్వినది. మా సరిహద్దు పల్లెలో పుట్టినది మొదలు నేను విన్న మాట అదియే. "పప్పు అనరాదా, మహారాష్ట్రా?" అని ఒక మిత్రుడనెను. ఆ సంవత్సరమంతయు నాకు అదియే పేరైనది. అతడు చెడ్డవాడు కాడు. నేటికిని పండుగనాడు ఫోను చేయును. కాని నాటినుండి నేను ఆ పంక్తిలో పప్పు కావలసినప్పుడు నోరు విప్పక గిన్నె చూపించుట నేర్చుకొంటిని. చేతితో కంచము కప్పుకొనుటకును, నోరు మూసికొని గిన్నె చూపుటకును ఎంత దూరము?

కావున, "నాకును అదియే పెట్టుడు" అని గోనెపట్టా అంచున కూర్చుంటిని. ఇద్దరును కంగారుపడిరి. యజమాని గల్లాపెట్టె యొద్దనుండి, "గురుజీ, బల్లకడకు రండి" అని పిలిచెను. నేను కదలలేదు.

విద్యార్థులారా, ఆ భోజనమును గూర్చి కొంచెము వివరముగా వ్రాయుదును. నాకు అట్టి రుచి తిరిగి దొరకునో లేదో తెలియదు. పప్పు పొట్టు తీయని మినుములది. దానిని మెత్తగా ఉడికించి, పలుచన చేసి, నేతిలో జింబు అను ఎండుటాకును వేయించి పోపు పెట్టుదురు. జింబు హిమాలయపు ఎత్తైన ప్రదేశములలో దొరకు ఉల్లిజాతి మొక్క. నా ముక్కునకు వెల్లుల్లి వలె తోచినది అందువలననే. నల్లగా నలిగిన పదార్థము పేరు గుంద్రుక్. ఆవాకునో ముల్లంగి ఆకునో వాడబెట్టి, నలిపి, కుండలో గట్టిగా కూరి, కొన్ని దినములు పులియనిచ్చి, ఆ పిమ్మట ఎండలో ఆరబెట్టుదురు. అది నెలలకొలది నిలువ యుండును. పచ్చికూర దొరకని చలికాలమున పిడికెడు తీసి పులుసు కాచుకొందురు. మన అమ్మమ్మలు వేసవిలో పెట్టు ఒరుగులకు అది దూరపు చుట్టము. పులుపులో మాత్రము పుంటికూరకు తోబుట్టువు. ప్రక్కన టమాటాలు కాల్చి నూరిన పచ్చడి. అందులో తిమూర్ అను మిరియము వంటి గింజ పడినది. నాలుక రెండు నిమిషములు జివ్వుమనుచునే యుండెను.

మాటలలో తెలిసినదేమనగా, వారి కొండలలో వరి పండని చోట్ల తైదల పిండినో మక్కపిండినో మరుగునీటిలో పోసి కట్టెతో కలియబెట్టి గట్టిముద్దగా దించుదురట. దాని పేరు ఢిండో. "మేము సంకటి అందుము, జొన్నలతోను మక్కలతోను చేసినది గట్క" అంటిని. కూరగాయను వారు తర్కారీ అందురు. మా పల్లెలో నేటికిని అది తరకారియే. మా సంభాషణ నడుమ ఆ యువకుడు, "దాయీ, అన్నము చాలునా?" అని వంటవానిని అడిగెను. దాయి యనగా అన్న.

వంటవాని స్వస్థలము నేపాళపు పడమటి కొండలలోని బాగ్లుంగ్ జిల్లా. 1950 జూలై 31న కుదిరిన భారత-నేపాళ మైత్రీసంధి ననుసరించి రెండు దేశములవారును ఎల్ల దాటి నివసించుటకును, పని చేసికొనుటకును వీలున్నది. అట్లు ఇతడు పదునెనిమిదవ యేట ఢిల్లీకి వచ్చి గిన్నెలు కడిగి, తందూరు నేర్చి, తోటివాని వెంట నాందేడునకు వచ్చి, తుదకు మన ముద్ఖేడ్ చేరెను. ఇతని అన్న మాత్రము ఢిల్లీనుండి జపానునకు వెళ్లెను. ఇది వీరి యింటి కథ మాత్రమే కాదు. బాగ్లుంగ్ జిల్లానుండి, అందును గల్కోట్ ప్రాంతమునుండి, జపానునకు పోయిన వంటవారు పెక్కుమంది. విదేశపు వంటలు చేయువానికి అక్కడ వీసా దొరకవలెనన్న పదేండ్ల అనుభవము చూపవలెను. ఆ అనుభవమును అనేకులు మన దేశపు హోటళ్లలో గడించిరి. మొదట భారతీయుల హోటళ్లలో వంటవారై పోయి, తరువాత సొంత దుకాణములు తెరచిరి. నేడు జపాను పట్టణములలో "ఇండియా-నేపాల్ వంటలు" అను పలకగల చిన్న భోజనశాలలు కొన్ని వేలున్నవి. 2024 నాటికి ఆ దేశమునందలి నేపాళీయుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

అన్నగారి దుకాణములో మధ్యాహ్నము అమ్ముడుపోవునది యేమని అడిగితిని. చేటంత నాను, దానితో బటర్ చికెన్ కర్రీ, కొంచెము పచ్చి క్యాబేజీ, ఒక గ్లాసు లస్సీ. నాను ఎన్నిమారులడిగినను వేయుదురట. ఈ నాను బాగ్లుంగ్ కొండలలో ఏ తల్లియు కాల్చియెరుగదు. బటర్ చికెన్ అన్ననో, దేశవిభజన తరువాత ఢిల్లీ దరియాగంజ్‌లో పేరుకెక్కిన వంట. ఒక కొండదేశస్థుడు, ఇంకొక దేశపు రాజధానిలో నేర్చిన వంటను, మూడవ దేశమువారికి, వారు కోరిన తీపి కలిపి పెట్టుచున్నాడు! మరి అన్నగారు తాము తినునది యేమి? "మూడు గంటలకు గిరాకీ పోయిన తరువాత వెనుక కూర్చుండి దాల్-భాత్ తినును" అని తమ్ముడు చెప్పెను. ఇక్కడ ఇతడు తినుచున్నట్లే.

కర్రీ అను మాట సంగతి కూడ చెప్పవలెను. మన యింట ఎవరును కర్రీ వండరు. పప్పు, కూర, వేపుడు, పులుసు, తొక్కు, చారు అని వేరువేరు పేర్లున్నవి; ఒకదాని నోట ఇంకొకటి పలుకదు. అరవమువారి "కఱి"ని పోర్చుగీసువారు పట్టుకొనిపోగా, ఆంగ్లేయులు దానిని ఉపఖండపు వంటలన్నింటికిని ఒకే ముసుగుగా కప్పిరి. ఆ ముసుగు వారి ఓడలపైనే జపాను చేరినది. 1915లో ఆ దేశమునకు తప్పించుకొనిపోయిన విప్లవవీరుడు రాస్ బిహారీ బోసు, తన అత్తవారి నాకామురాయా అను టోక్యో అంగడిలో 1927లో భారతీయరీతి కోడికూరను పెట్టించెను. రాజ్యము పోగొట్టుకొన్న దేశమువాడు కూర రుచినైనను సరిగా నిలుపవలెనని పట్టుపట్టుట నాకు హాస్యముగా తోచదు.

భోజనమైన పిమ్మట నూరు రూపాయల నోటు తీసి ఇవ్వబోతిని. వంటవాడు పుచ్చుకొనలేదు. అప్పుడు నోటు వెనుకవైపు త్రిప్పి చూపితిని. అక్కడ పదునైదు భాషలలో విలువ వ్రాయబడియుండును. మరాఠీ క్రింది పంక్తి నేపాళీ. 1992లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందు కొంకణి, మణిపురి భాషలతోపాటు నేపాళీ చేరినది. డార్జిలింగు, సిక్కిము ప్రాంతముల భారతీయులకు అది మాతృభాష. ఇన్నేండ్లుగా నోట్లు లెక్కపెట్టుచున్నను అతడా పంక్తిని చూచియుండలేదు. వ్రేలు పెట్టి మెల్లగా చదివెను. యువకుని పిలిచి అతనిచేతను చదివించెను. "మరి మీది యేది?" అని అడుగగా చివరనుండి రెండవ పంక్తిని చూపితిని.

"మీరు ఏమి చెప్పుదురు బడిలో?" అనెను. "తెలుగు." "కేవలము మీ భాషయా?" "మా భాషలోనే లెక్కలు, చరిత్ర, శాస్త్రము అన్నియు చెప్పుదుము. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కూడ నేర్పుదుము." అతడు ఆశ్చర్యపడెను. అతని కూతురు రెండవ తరగతి, మరాఠీ బడి. తల్లి నేపాళీలో అడిగినచో బిడ్డ మరాఠీలో బదులు చెప్పునట. "ఇక్కడ మా భాష బడి లేదు గదా, మాస్టర్‌జీ, ఏమి చేయుదును? మీకున్నది. మీవారు ఈ తాలూకాలో చాలమంది గదా! అయితే మీ బడిలో పిల్లలు చాలమంది యుందురు."

నేను చేయి కడుగుకొను నెపమున లేచిపోయితిని.

తలిదండ్రులారా, ఆ ప్రశ్నకు ఉత్తరము మీకును నాకును తెలియును. ఒకటవ తరగతి పట్టీలో పేర్లు ఏటేట తగ్గుచున్నవి. గత జూనులో ఒక తండ్రి తన కుమార్తెకు బదిలీపత్రము కోరి నా యొద్దకు వచ్చెను. ఆ బాలిక చదువరి. ఆయనయు మంచివాడే, నాకు చిన్ననాటినుండి తెలిసినవాడు. "సార్, ఇంట్ల తెలుగే మాట్లాడ్తం గద, బిడ్డ యాడికి మర్చిపోతది? బడి సదువు మాత్రం పనికొచ్చేది ఉండాలె" అనెను. ఈ మాట మీలో పెక్కుమంది అన్నదే. దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఖానావళి యజమాని పలకపై అమ్ముడుపోవు వంట పేరే వ్రాయును. తండ్రి కూడ బిడ్డకు నాలుగు మెతుకులు దొరకు చదువే చూచును. అది తప్పని చెప్పుటకు నాకు నోరు లేదు. ఏలయన, నా కుమారుడు నాందేడులో మా అక్కగారింట నుండి ఆంగ్లమాధ్యమమున చదువుచున్నాడు. ఈ సంగతి ఊరిలో అందరికిని తెలిసినదే గాని ఈ పత్రికలో నేను వ్రాయుట ఇదియే మొదలు. అతడు నాకు వ్రాయు సందేశములు ఇంగ్లీషు అక్షరములలో కూర్చిన తెలుగు. అందులో సగము నాకు రెండుసార్లు చదివినగాని బోధపడదు. తెలుగు పండితుని యింట ఇట్లున్నది. కావున నేను మీకు నీతి చెప్పువానిగా గాక, అదే పడవలో నున్నవానిగా మాటాడుచున్నాను.

"ఇంట మాటాడుచున్నాము గదా" అను మాటయే నాకు సందేహము. ఆ శనివారము తరువాతి సోమవారమున ఎనిమిదవ తరగతిలో, "నిన్న రాత్రి మీ యింట ఏమి తింటిరో తెలుగులో వ్రాయుడు" అంటిని. వ్యాకరణము కాదు, ఛందస్సు కాదు, తిన్న తిండి పేరు! వరణ్, భాజీ, భాకర్, కాందా, లసూణ్, అంబాడీ అని వ్రాసినవారే ఎక్కువ. పప్పు, కూర అను మాటలు వారికి తెలియవని కాదు. పాఠములో వచ్చినచో అర్థము చెప్పుదురు. కాని ఇంట ఆ మాటలు పలుకుట మానిరి. ఒక బాలిక మాత్రము "పుంటికూర" అని వ్రాసి, నేనేమనుకొందునో అని కాబోలు, "మా అమ్మమ్మ గట్లనే అంటది సార్" అని తల వంచుకొనెను. అంబాడీయు పుంటికూరయు ఒకే చెట్టు. ఏ పేరు పెట్టినను పులుపు మారదు. వరణ్ అన్నందుకు నేను నవ్వుబాటు పడినవాడను గనుక ఆ పిల్లలను నేను నవ్వలేదు, నవ్వనివ్వలేదు. అయినను ఆలోచింపుడు: వంటింట భద్రముగా నున్నదని మనము ధైర్యముగా నున్న భాషయే వంటింటినుండి జారిపోవుచున్నది. అమ్మమ్మతోపాటు పోవు మాటను తరువాత ఎవరు తెచ్చి ఇచ్చెదరు? వ్రాతలో నిలుపనిది, పదిమంది ఎదుట పలుకనిది నోటిలో ఎంతకాలము నిలుచును?

మన స్థితికి కారణము మన తప్పే యని నేను అనను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు పాత హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములై పోయినది. నాందేడు జిల్లాలోని ముధోలు, భైంసా ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు వచ్చినది. గీత ఎంత నేర్పుగా గీసినను దానికి ఇరువైపుల కొందరు మిగిలిపోవుదురు. ఆ సంగతి ఎరిగియే పెద్దలు అదే సంవత్సరము ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగములో 350ఎ అధికరణము చేర్చిరి. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో చెప్పించు వసతి కల్పింపవలెనని అందు కలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ, వీలున్నంతవరకు కనీసము అయిదవ తరగతిదాక ఇంటి భాషలోనే బోధింపుమన్నది. కాని అధికరణము బడిని తెరువగలదు గాని బల్లపై పిల్లవానిని కూర్చుండబెట్టలేదు. ఆ పని మీది.

మరాఠీ రాక బిడ్డ నష్టపోవునను భయము కొందరికున్నది. ఆ భయమునకు చోటు లేదు. మహారాష్ట్రములోని పాఠశాలలన్నింటను మరాఠీ బోధన తప్పనిసరియని 2020లో చట్టమే వచ్చినది. మన బడిలో అంతకు ముందునుండియే శ్రద్ధగా చెప్పుచున్నాము. ఈ నేలపై బ్రదుకువారు ఈ రాష్ట్రపు భాషను బాగుగా నేర్వవలెను. నేను కోరునది మరాఠీని తగ్గింపుమని కాదు, తెలుగును తెర వెనుకకు నెట్టవలదని. మనలో ఎందరో బిడ్డకు అయిదేండ్లు రాకముందే బండి ఎక్కి బాసరకు పోయి, సరస్వతీ సన్నిధిని బియ్యముపై ఓం నమః శివాయ యని దిద్దించి, పలక కొని తెత్తురు. దిద్దించినది తెలుగు అక్షరములే. మరల ఉమ్రీ దాటి ముద్ఖేడ్‌లో దిగునప్పటికి ఆ పలక సంచి అడుగునకు పోవును. దేవతకు చూపిన అక్షరమును జూను నెలలో దాచుకొనుట యేల?

జపాను సంగతి తిరిగి చెప్పవలసియున్నది. ఆ దేశములో దాల్-భాత్ ఎన్నడును వెనుకగదిలోనే యుండిపోలేదట. టోక్యోలోని షిన్-ఓకుబో అను పేటకు నేపాళీ విద్యార్థులు వందలుగా వచ్చి చేరిరి. వారు దుకాణములలో కూర్చుండి, నాను కాదు, మన అన్నము పెట్టుమని అడిగిరి. అడుగువారు పెరుగగా యజమానులు దాల్-భాత్ పేరును పలకపై వ్రాసిరి. పలకపై పడిన తరువాత జపానువారు కూడ కుతూహలముతో వచ్చి తినసాగిరి. నేడు ఆ వంటకొరకే వెదకికొని వచ్చు జపానీయులున్నారు. మొదట అన్యులు మెచ్చి, పిమ్మట సొంతవారు అడుగలేదు. సొంతవారు సిగ్గు విడిచి అడిగిన పిమ్మటనే అన్యులు మెచ్చిరి. వంటవాని నేర్పు మొదటినుండియు ఉన్నదే. లేనిది అడుగు నోరు.

మన బడి కూడ అట్టి దుకాణమే. అడుగువారున్నంతకాలము తెరచియుండును. ఈ నెలనుండి మధ్యాహ్నపు భోజనము వడ్డించుచోట ఒక నల్లబల్ల పెట్టించితిమి. ఖిచిడీలో ఆ దినము పడిన పప్పు పేరు, కూరగాయ పేరు వంతులవారీగా పిల్లలే తెలుగులో వ్రాయుదురు. మొదటిదినమున వటాణాలకు మాట దొరకక ఏడవ తరగతిలో పెద్ద వాదము జరిగినది. వటాణీలు, పట్టాణీలు, బఠానీలు అని మూడు పక్షములు. వంట చేయు ఆమె విసిగి, "ముందుగాల తినుండ్రి బిడ్డా, చల్లారుతది" అని గద్దించినది. ఆమె మాట కూడ ఒకడు బల్లపై వ్రాసెను. ఇంట అమ్మమ్మలున్నవారు వారి నోటి మాటలను ఒక పుస్తకములో దింపి తెచ్చినచో ఈ పత్రికలోనే ప్రకటింతును. తప్పులు నేను దిద్దను.

ఆ ఖానావళికి నేను అప్పుడప్పుడు శనివారములందు పోవుచునే యున్నాను. ఇంటివారు తిరిగివచ్చిన తరువాత కూడ పోవుచున్నందుకు ఇంట కొంత మందలింపు కలదు. రెండవమారు బాలిక తండ్రిని వెంటబెట్టుకొని పోయితిని. ఆయన గుంద్రుక్ పులుసు నోట పెట్టుకొని, "ఇది మన పుంటికూర లెక్కనే ఉన్నది గద సార్!" అని తెలుగుననే గట్టిగా అనెను. వంటవానికి ఆ మాట అర్థము కాకున్నను ముఖము అర్థమైనది. ఆ దినమున యజమాని వచ్చి, ఇన్నాళ్లు ఊరక తింటిరి, ఇకనుండి డబ్బు పుచ్చుకొందునని చెప్పి, పలక క్రింద సున్నపుముక్కతో "దాల్-భాత్, శనివారము" అని వ్రాసెను.

బదిలీపత్రము సంగతి తండ్రి ఆనాడు ఎత్తలేదు; నేనును ఎత్తలేదు. గత సంవత్సరము నా మాట మన్నించి ఒక యేడు ఆగెదననెను. ఆ యేడు ఏప్రిలుతో తీరును. జూనులో బడి తెరచినప్పుడు వచ్చి చెప్పెదనన్నాడు. పట్టీలో ఆ బాలిక పేరు ప్రక్కన నేను పెన్సిలుతో పెట్టిన చుక్క ఇంకను అట్లే యున్నది.